గోర్మన్ ఫాల్స్‌కి నడిచి వెళ్ళేవాళ్ళకి

మాది పిడుగురాళ్ళ. సున్నపు బట్టీల ఊరు. మా నాన్న ఒక బట్టీలో లెక్కలు రాసేవారు. బడి నుంచి వస్తూ నేను అక్కడ ఆగితే, కాల్చిన రాయి ముక్క ఒకటి తీసి దాని మీద చెంబుతో నీళ్ళు పోసి చూపించేవారు. సుయ్యిమని ఆవిరి లేచేది. రాయి పెటపెటా పగిలి, విచ్చుకుని, చూస్తుండగానే తెల్లటి పిండి అయిపోయేది. పండగకి గోడకి కొట్టిన సున్నం గాలి తగిలి నెమ్మదిగా మళ్ళీ రాయిగానే మారుతుందని కూడా ఆయనే చెప్పారు. రాయి కరుగుతుంది, మళ్ళీ రాయి అవుతుంది అనే మాట నాకు అలా చిన్నప్పుడే తెలుసు.

పదమూడేళ్ళుగా మేం టెక్సాస్‌లో, ఆస్టిన్ పక్కన సీడార్ పార్క్‌లో ఉంటున్నాం. ఇక్కడికి దాదాపు రెండు గంటల దూరంలో కొలరాడో బెండ్ స్టేట్ పార్క్‌లో గోర్మన్ ఫాల్స్ ఉంది. ఇప్పటికి ఏడుసార్లు వెళ్ళాను. పిల్లలతో వెళ్ళాను, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళాను, ఒకసారి వెళ్ళకూడని ఎండలో వెళ్ళి ఇబ్బంది పడ్డాను. మన తెలుగువాళ్ళు చాలామంది లాంగ్ వీకెండ్ వచ్చిందంటే అక్కడికి బయల్దేరుతున్నారు కాబట్టి, నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఇది ఎలాంటి జలపాతమో తెలుసుకుని వెళ్ళండి. అక్కడి నియమాలు ఎందుకున్నాయో అప్పుడే అర్థమవుతాయి.

మన ఎత్తిపోతల జలపాతం గుర్తు తెచ్చుకోండి. చంద్రవంక వాగు 70 అడుగుల పైనుంచి దూకుతుంది. ఆ నీటి దెబ్బకి రాయి అరుగుతూ ఉంటుంది, వేల ఏళ్ళలో కొండ అంచు వెనక్కి జరుగుతుంది. మామూలుగా జలపాతం అంటే అదే. గోర్మన్ ఫాల్స్ కూడా సుమారు 70 అడుగులే. కానీ ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. నీళ్ళు రాయిని అరగదీయడం లేదు, రాయిని కడుతున్నాయి. కొండ అంచు ముందుకి పెరుగుతోంది.

ఎలాగంటే, వానలో కురిసిన నీరు మట్టిలోకి ఇంకుతుంది. మట్టిలో వేళ్ళు ఊపిరి పీలుస్తుంటాయి, ఆకులు కుళ్ళుతుంటాయి, వాటి నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కలుస్తుంది. అంటే చాలా పలచటి సోడాలాంటిది తయారవుతుంది. కింద ఉన్నదంతా సున్నపురాయి. ఆ సోడా నీరు రాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని, తనలో కలుపుకుని, ఊటగా బయటికి వస్తుంది. చూడ్డానికి మాత్రం మామూలు నీళ్ళే. అంచు దగ్గరికి వచ్చి పలచటి పొరలుగా జారి, చినుకులై చిందేసరికి, సీసా ఊపి మూత తీసినట్టు అందులోని గ్యాస్ ఎగిరిపోతుంది. గ్యాస్ పోయాక ఆ నీటికి అంత సున్నాన్ని మోసే శక్తి ఉండదు. తగిలిన చోటల్లా వదిలేస్తుంది. నాచు మీద, వేళ్ళ మీద, రాలిన ఆకు మీద. అలా పేరుకున్న రాయినే ట్రావర్టీన్ అంటారు. బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు తయారైన పద్ధతి కూడా ఇదే. అక్కడ చీకట్లో చుక్క చుక్కగా జరిగింది, ఇక్కడ ఎండలో, నాచుతో పచ్చగా జరుగుతోంది.

పిల్లలకి చెప్పాలంటే వంటింట్లోనే మొదలుపెట్టండి. ఆస్టిన్ నీళ్ళు కాచే కెటిల్ అడుగున తెల్లటి పొర పడుతుంది కదా, అదీ అదే పదార్థం. దాని మీద రెండు చుక్కల వెనిగర్ వేయండి. బుస్సుమని పొంగుతుంది. మా అబ్బాయికి బయల్దేరే ముందు రోజు రాత్రి ఇది చేసి చూపించాను. మర్నాడు జలపాతం ముందు నిలబడి వాడే పక్కింటి పిల్లలకి వివరించాడు.

ఇక ప్రయాణం సంగతి. శని, ఆదివారాల్లో ముందుగా డే పాస్ బుక్ చేసుకోకుండా బయల్దేరకండి. పార్క్ నిండిపోతే గేటు దగ్గర్నుంచే తిప్పి పంపుతారు. రెండు గంటలు పిల్లల్ని కూర్చోబెట్టి తీసుకెళ్ళాక ఆ మాట వినడం చాలా బాధగా ఉంటుంది. టెక్సాస్ స్టేట్ పార్క్స్ సైట్‌లో రెండు మూడు వారాల ముందే దొరుకుతాయి. నేను కిందటిసారి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి తలా 5 డాలర్లు, 12 ఏళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకి ఉచితం. సంవత్సరం పాస్ కొనుక్కుంటే కారులో వచ్చిన అందరికీ ప్రవేశం దానితోనే అయిపోతుంది. ఏడాదికి మూడు నాలుగు పార్కులు తిరిగే కుటుంబానికి అదే మేలు. పాస్ ఉన్నా ఆ రోజుకి రిజర్వేషన్ విడిగా చేసుకోవాలి, ఇది చాలామంది మర్చిపోతారు. చలికాలంలో కొన్ని రోజులు వేట కోసం పార్క్ మూసేస్తారు. ఆ తేదీలు సైట్‌లోనే ఉంటాయి.

దారి సులువే. సీడార్ పార్క్ నుంచి 183 హైవే పట్టుకుని లియాండర్, బ్రిగ్స్ మీదుగా లాంపాసస్. అక్కడ పెట్రోల్ నింపుకోండి, బాత్రూం పని చూసుకోండి, ఐస్ కావాలంటే కొనుక్కోండి. ఆ తర్వాత పెద్ద ఊరు లేదు. లాంపాసస్ నుంచి ఎఫ్ఎం 580 రోడ్డు మీద 24 మైళ్ళు వెళితే బెండ్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి నుంచి పార్క్ బోర్డులు చూసుకుంటూ వెళ్ళడమే. గేటు దాటాక కూడా లోపల చాలా దూరం ఉంది, మెల్లగా నడపండి. డాలస్ నుంచి వచ్చేవాళ్ళకి మూడు గంటల పైనే పడుతుంది. లోపల ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకోండి. మ్యాప్, రిజర్వేషన్ కాగితం రెండూ ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రెండు కార్లలో వెళితే "అక్కడికెళ్ళాక ఫోన్ చేస్తా" అని చెప్పుకోవద్దు, కలిసే చోటు, టైము లాంపాసస్‌లోనే అనుకోండి.

పెద్ద వాన పడిన రోజు ప్రయాణం మానుకోండి. ఈ ప్రాంతంలో రోడ్డు మీద నుంచే వాగులు పొర్లుతాయి, పార్క్ కూడా మూసేయవచ్చు. వాన పడి రెండు మూడు రోజులయ్యాక వెళితే నీళ్ళు నిండుగా ఉంటాయి, దారీ ఆరి ఉంటుంది. ఊట నీరు కాబట్టి జలపాతం ఏడాది పొడుగునా పారుతుంది, కరువు సంవత్సరాల్లో మాత్రం సన్నబడుతుంది.

ఎప్పుడు వెళ్ళాలంటే నా ఓటు నవంబరుకి, మార్చికి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కూడా వాతావరణం హాయిగానే ఉంటుంది కానీ, దారి పొడుగునా ఉండేవి జునిపర్ చెట్లే. ఇక్కడివాళ్ళు వాటిని సీడార్ అంటారు. ఆ నెలల్లో వాటి పుప్పొడికి తుమ్ములు, కళ్ళ దురద మొదలయ్యేవాళ్ళు మన ఇళ్ళలో కూడా చాలామందే ఉన్నారు. మీకు సీడార్ అలర్జీ ఉంటే ఆ మూడు నెలలూ వదిలేయండి. మార్చిలో ఇంకో సంతోషం ఉంది. గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట గూడు కట్టుకోవడానికి ఇక్కడికి వస్తుంది. పసుపు బుగ్గలు, నల్ల గీత. ముదిరిన జునిపర్ బెరడు నారలు నారలుగా లేస్తుంది, ఆ నారతోనే గూడు అల్లుతుంది. ప్రపంచంలో అది గూడు కట్టేది టెక్సాస్‌లో మాత్రమే.

ఎండాకాలం గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. మేం మొదటిసారి వెళ్ళింది ఆగస్టులో. ఒక సైట్‌లో ఎవరో "ఈజీ ట్రెయిల్" అని రాస్తే నమ్మాం. పదకొండు గంటలకి నడక మొదలుపెట్టాం. నలుగురికి నాలుగు చిన్న బాటిళ్ళు. వెళ్ళేటప్పుడు ఏమీ అనిపించలేదు, జలపాతం దగ్గర చల్లగా ఉంది కూడా. తిరుగు దారిలో ఎండ 100 ఫారన్‌హీట్ దాటింది. దారిలో నీడ లేదు, తెల్లటి రాళ్ళ మీద నుంచి కూడా వేడి మొహానికి కొడుతోంది. సగం దూరం వచ్చేసరికి మా ఆయనకి పిక్కలు పట్టేశాయి, చెమట ఆగిపోయింది, మాట తడబడింది. ఎవరో ముక్కూ మొహం తెలియని దంపతులు ఆగి, తమ దగ్గరున్న రెండు లీటర్ల నీళ్ళూ, ఉప్పు బిస్కెట్లూ ఇచ్చారు. జునిపర్ కింద కాస్త నీడలో గంటసేపు కూర్చుని, తడిగుడ్డ మెడ మీద వేసి, తేరుకున్నాక కదిలాం. ఆ గంట నేను పడిన టెన్షన్ మీలో ఎవరికీ వద్దు. మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వెళ్ళక తప్పకపోతే పొద్దున గేటు తెరవగానే లోపల ఉండండి, పదిన్నరకల్లా కారు దగ్గరికి వచ్చేయండి. రాత్రి సగం బాటిళ్ళు ఫ్రీజర్‌లో పెట్టండి, తిరిగి వచ్చేటప్పటికి చల్లటి నీళ్ళుంటాయి. ఒక బాటిల్‌లో ఉప్పు, నిమ్మరసం, కాస్త పంచదార కలపండి.

నడక వెళ్ళడానికి సుమారు ఒకటిన్నర మైలు, రావడానికి అంతే. మొత్తం మూడు మైళ్ళు, అంటే ఐదు కిలోమీటర్ల లోపు. కాగితం మీద చిన్నదే. కానీ అడుగు తీసి అడుగు వేసేది గుండ్రాళ్ళ మీద, పళ్ళలా పైకి లేచిన సున్నపురాళ్ళ మీద. తల ఎత్తి కబుర్లు చెప్పుకుంటూ నడిచే దారి కాదు. మడమ పట్టుకునే బూట్లు వేసుకోండి. పక్కన నాగజెముడు పొదలు ఉంటాయి, పిల్లల్ని దారి దిగనివ్వకండి. ఈ ప్రాంతంలో రాటిల్ స్నేక్‌లు ఉంటాయి, రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకూడదు. పెద్దవాళ్ళ, పిల్లల నడకకి పోను రాను మూడు గంటలు వేసుకోండి.

మొదట్లో అంతా ఎండిన బీడు. జునిపర్లు, అక్కడక్కడా ఓక్ చెట్లు, గడ్డి. మన పల్నాడు గుట్టల మీద నడుస్తున్నట్టే ఉంటుంది నాకు. ఇక్కడెక్కడ జలపాతం అనిపిస్తుంది. అలా అనిపించి వెనక్కి తిరిగినవాళ్ళని కూడా చూశాను. తిరగకండి. చివర్లో కొండ ఒక్కసారిగా కిందికి దిగుతుంది.

ఆ దిగుడే ఈ నడకలో అసలు కష్టం. వేల మంది కాళ్ళు తగిలి అక్కడి రాయి నున్నగా, గచ్చులా అయిపోయింది. తడి ఉంటే జారుతుంది. పట్టుకోవడానికి ఇనుప స్తంభాలకి తీగ కట్టి ఉంటుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, కాబట్టి చేతిలో క్యారియర్లు, టిఫిన్ సంచులు వద్దు. అన్నీ భుజాల బ్యాగ్‌లోకి వెళ్ళాలి. తీగ వైపుకి తిరిగి, నిచ్చెన దిగినట్టు వెనక్కి దిగితే మోకాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. పిల్లల్ని ముందు పంపకండి, మీరు కింద ఉండి వాళ్ళని మీ పైన దించుకోండి. పైకి వచ్చేవాళ్ళు ఉంటే ఆగి దారి ఇవ్వండి.

అమ్మానాన్నలతో వచ్చే వాళ్ళకి ఒక మాట. మా అమ్మ చీర కట్టుకుని, చెప్పులతో బయల్దేరబోతే పంజాబీ డ్రెస్, నా స్పోర్ట్స్ షూస్ వేయించాను. బీడు దారంతా చక్కగా నడిచింది. దిగుడు చూసి ఆగిపోయింది. "నేనిక్కడ కూచుంటానే, మీరు పోయిరండి" అంది. బలవంతం చేయలేదు. మీరూ చేయకండి. దిగడం ఎలాగో దిగుతారు, ఎక్కేటప్పుడు మోకాళ్ళు మొరాయిస్తే అక్కడికి కారు రాదు, ఫోన్ కలవదు. ఎవరో ఒకరు వాళ్ళతో పైన ఉండేలా, వంతుల వారీగా దిగేలా ముందే అనుకోండి. మా ఆయన అమ్మ దగ్గర ఉండిపోయారు. నాన్న మాత్రం తీగ పట్టుకుని, నా భుజం మీద ఒక చెయ్యి వేసి దిగారు.

కింద అడుగు పెట్టగానే గాలి మారిపోతుంది. తడి వాసన, నీడ, నీళ్ళ చప్పుడు. చెక్క ప్లాట్‌ఫాం దగ్గర నిలబడితే జలపాతం పూర్తిగా కనిపిస్తుంది. ఒకే ధారగా పడదు. పచ్చటి నాచు దిండ్ల మీద నుంచి, వేలాడే ఫెర్న్ ఆకుల మీద నుంచి వంద పాయలుగా జారుతుంది. దగ్గరికి వెళ్ళనివ్వరు కాబట్టి బైనాక్యులర్ తప్పకుండా తీసుకెళ్ళండి. ఈ గైడ్‌లో ఒక్క సలహానే పాటించేట్టయితే ఇది పాటించండి. జలపాతం మొత్తాన్ని కాదు, ఒక్క నాచు కుచ్చుని ఎంచుకుని రెండు నిమిషాలు చూడండి. కొస పచ్చగా, మెత్తగా ఉంటుంది. కొద్దిగా పైన అదే నాచు పసుపు పచ్చగా, ఇంకొంచెం పైన బూడిద రంగులో బిరుసుగా, ఆ పైన పూర్తిగా రాయి. ఒకే పోగు, కింద ప్రాణం, పైన రాయి. కొసన ఒక నీటి చుక్క ఊరి, బరువెక్కి, వణికి, రాలుతుంది. వెంటనే ఇంకొకటి.

నాన్న బైనాక్యులర్ దించకుండా చాలాసేపు చూశారు. తర్వాత, "మనం రాయిని కాల్చి పిండి చేసినం. ఇక్కడ నీళ్ళు కూచోని రాయి చేస్తున్నయ్యమ్మా" అన్నారు. అక్కడున్నంతసేపూ ఇంకేం మాట్లాడలేదు.

అందుకే కంచె దాటొద్దు అంటారు. ఆ ట్రావర్టీన్ చూడ్డానికి గట్టి బండలా ఉంటుంది, నిజానికి స్పాంజిలా గుల్లగా ఉంటుంది. ఒక్క ఫోటో కోసం ఎక్కితే పెళ్ళలు ఊడిపోతాయి. నాచు నలిగిందంటే ఆ చోట రాయి కట్టడం ఆగిపోయినట్టే. కింద మడుగులో దిగకూడదు, ఈత లేదు. మనవాళ్ళకి ఇంకో రెండు అలవాట్లు ఉన్నాయి, ప్రేమతో చెప్తున్నాను. నీళ్ళు కనపడగానే కాళ్ళు కడుక్కోవడం, నాణెం వేసి దణ్ణం పెట్టుకోవడం. దణ్ణం ప్లాట్‌ఫాం మీద నుంచే పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. నాణేలు, పూలు, పసుపు కుంకుమలు ఆ నీళ్ళలోకి వెళ్ళకూడదు. ఫెర్న్ ఆకు, రాయి ముక్క జ్ఞాపకానికి తెచ్చుకోవడం కూడా వద్దు. మూడేసి ఆకులున్న మొక్క కనిపిస్తే ముట్టుకోకండి, పాయిజన్ ఐవీ అయితే రెండు వారాలు దురద వదలదు.

పిల్లలు నీళ్ళలో ఆడాలని గొడవ చేస్తారు, అది సహజం. వాళ్ళకి స్పైస్‌వుడ్ స్ప్రింగ్స్ ఉంది. అదే పార్క్‌లో, ఇంకో ట్రెయిల్. అక్కడ వాగులో దిగవచ్చు, దారిలో వాగుని చాలాసార్లు దాటాలి కాబట్టి తడిసినా ఫరవాలేని బూట్లు ఉండాలి. పొద్దున గోర్మన్, మధ్యాహ్నం భోజనం, తర్వాత స్పైస్‌వుడ్. ఇది మాకు బాగా కుదిరిన వరస. పార్క్ పక్క నుంచి పారే నది పేరు కూడా కొలరాడోయే, కానీ గ్రాండ్ కాన్యన్‌లో పారే నది కాదు. ఇది టెక్సాస్‌లోనే పుట్టి, ఆస్టిన్ మీదుగా సముద్రంలో కలిసే నది. మా వాళ్ళు ప్రతిసారీ ఇదే అడుగుతారు.

తిండికి పులిహోరని మించింది లేదు. ఎండకి పాడవదు, చెంచాతో పని జరిగిపోతుంది. పెరుగన్నం అయితే ఐస్ పెట్టెలో కారులో ఉంచి, నడక అయ్యాక తినండి. విస్తరాకులు, పేపర్ ప్లేట్లు, నారింజ తొక్కలతో సహా అన్నీ సంచిలో వేసి వెనక్కి తెచ్చుకోండి. ట్రెయిల్ మొదట్లో కుళాయి ఉంటుందని ఆశ పెట్టుకోకుండా, నీళ్ళు ఇంటి నుంచే మోసుకెళ్ళండి.

ఇంటికి వచ్చాక పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక, నడుం దగ్గర పిడుదులు పట్టాయేమో చూసి స్నానం చేయించండి. చీకటి పడక ముందే బయల్దేరితే మంచిది. బెండ్ నుంచి లాంపాసస్ దాకా సాయంత్రం జింకలు గుంపులుగా రోడ్డు మీదికి వస్తాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకొకటి ఉంటుంది, అది కూడా దాటేదాకా ఆగండి.